రాని పాలోడికి ఆరు డిగ్రీలు

ముత్యంతో ఏ విషయమైనా మాట్లాడవచ్చు. కాకపోతే మూడో మాటకల్లా ఆ విషయం సముద్రంలో మునుగుతుంది. మీరు ఎండల గురించి మొదలుపెట్టండి, యూనియన్ ఎలక్షన్ల గురించి మొదలుపెట్టండి, మోకాలి నొప్పుల గురించి మొదలుపెట్టండి, ఆయన "గదే మరి" అని తల ఊపి, మిమ్మల్ని ఎక్కడో ఉత్తరాన ఉన్న చల్లని సముద్రం అడుగుకు తీసుకుపోయి, అక్కడ రాయికి అంటుకుని కూర్చున్న ఒక జంతువు ముందు నిలబెడతాడు. అది దానిమ్మకాయంత ఉంటుంది. ఎర్రగా ఉంటుంది. పైన రెండు మూతులుంటాయి. కాళ్లు లేవు, చేతులు లేవు, కదలదు. ఇంగ్లీషువాళ్లు దాన్ని సీ స్క్వర్ట్ అంటారు. ముత్యం తిత్తి అంటాడు. గోదావరిఖని ఆయన్ని తిత్తి ముత్యం అంటుంది.

గోదావరిఖనిలో ఉన్నవాడు సముద్రం చూడాలంటే ఎటు బయల్దేరినా ఒక రాత్రి రైల్లో పడుకోవాలి. ముత్యం ఆ పని కూడా ఎన్నడూ చేయలేదు. ఆయన చూసిన పెద్ద నీళ్లు గోదావరి, అంతకన్నా పెద్ద నీళ్లు బాయిలో ఊరే నీళ్లు. బొగ్గు గనిని అక్కడివాళ్లు బాయి అంటారు.

ఈ తిత్తి గురించి ఖైజర్‌కు తెలిసినంత గోదావరిఖనిలో ఇంకెవరికీ తెలియదు. తెలుసుకోవాలని పాపం అతనెప్పుడూ కోరుకోలేదు. చౌరస్తా దగ్గర అతనికి ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేసే దుకాణం ఉంది. తండ్రి గులాం అలీ బాయిలో ఫిట్టరు, ముత్యం అదే బాయిలో పంపు ఆపరేటరు. ఇద్దరూ ఇరవై ఏళ్లు ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నారు. గులాం అలీ పోయి నాలుగేళ్లయింది. తండ్రి స్నేహితుడు ఫోన్ చేస్తే ఎత్తకుండా ఉండటం ఖైజర్‌కు చేతకాదు. ఈ బలహీనతను ముత్యం చాలా తొందరగా కనిపెట్టాడు.

అసలు ఆ జంతువు ముత్యానికి దొరికింది దవాఖానలో. రిటైర్మెంటుకు ఏడాది ముందు కంటి పరీక్షకు పోయి, వరసలో కూర్చుని, బెంచీ మీద ఎవరో వదిలేసిన పిల్లల సైన్సు పత్రిక తిరగేశాడు. అందులో అర పేజీ ఉంది. చల్లని సముద్రాల్లో ఒక జంతువు రాయి మీద కూర్చుని, ఒక మూతితో నీళ్లు లోపలికి పీల్చి, అందులో దొరికిన నలుసంత తిండి వడగట్టుకుని, రెండో మూతితో నీళ్లు బయటికి పంపిస్తుందట. పుట్టినప్పటి సంగతి వేరే, కుదురుకున్నాక ఇక బతుకంతా అదే పనట. ముత్యం ఆ అర పేజీ నాలుగుసార్లు చదివాడు. ఆయన భూమి కింద చీకట్లో ఒకే స్టూలు మీద కూర్చుని, ఊరే నీటిని ముప్పై నాలుగేళ్లు పైకి తోడినవాడు. కళ్లు పరీక్ష చేయించుకోకుండానే ఇంటికొచ్చి భార్యను పిలిచాడు.

"సారవ్వా! సముద్రంల నా అసొంటోడు ఒకడున్నడు!"

"ఒక్కడే గదా," అంది సారవ్వ. "దేవుని దయ."

ఆ తర్వాత ఊళ్లో ఎవరికీ విముక్తి లేదు. ఖైజర్‌కు మొదటిసారి వివరించిన రోజు ముత్యం చెంబెడు నీళ్లు ముందు పెట్టుకున్నాడు. "చూడు బిడ్డా. ఈ మూతి సక్షన్. ఈ మూతి డెలివరీ. నడుమ జల్లెడ అసొంటిదుంటది. ఒంటి మీద దానికది నేసుకున్న అంగి ఉంటది. పత్తిల, కట్టెల ఏ సరుకుంటదో గా అంగిల గుడ గదే సరుకు. మన కమాన్‌పూర్ పత్తోలె అనుకో. గుండె గుడ వింత. జరసేపు ఇటు కొట్టుకుంటది, ఆగుతది, మల్ల అటు కొట్టుకుంటది."

"మంచిగుంది కాకా. నేను పోత, దుకాణంల గిరాకీ..."

"ఆగు, అసలు ముచ్చట చెప్పనే లేదు. నీళ్లల్లకెళ్లి తీస్తె ఏం చేస్తదో ఎరుకేనా?" అని ముత్యం చెంబు ఎత్తి నోటినిండా నీళ్లు పోసుకుని, బుగ్గలు ఉబ్బించి, ఖైజర్ కొత్త షర్టు మీద చిమ్మాడు. "గిట్ల!"

ఖైజర్ ఆ రోజు నుంచి ముత్యం ఇంటికి పాత షర్టు వేసుకుని పోవటం అలవాటు చేసుకున్నాడు. పోస్ట్‌మ్యాన్ ఆ సంగతి తెలియక రెండుసార్లు తడిశాడు.

రామగిరిలో సారవ్వ అన్న కూతురి పెళ్లయింది. పెద్దమనిషి గదా అని ముత్యం చేతికి మైకు ఇవ్వటం ఆ పెళ్లివాళ్లు చేసిన ఒకే ఒక్క తప్పు. ముత్యం గొంతు సవరించుకున్నాడు. "తిత్తి పిల్లప్పుడు చేపపిల్ల లెక్క ఉంటది. తోక ఉంటది, కన్నుంటది, చిన్న మెదడుంటది. దినమో రెండు దినాలో ఈదుకుంట రాయిని దేవులాడుతది. రాయి దొరికిందంటే తలకాయను దానికి అంటిస్తది. ఇగ జన్మల కదలది. తోకను అరిగించుకుంటది, కన్నును అరిగించుకుంటది, మెదడును గుడ చానమట్టుకు అరిగించుకుంటది. పెండ్లంటె గదే బిడ్డా. సల్లగ ఉండున్రి."

పెళ్లికొడుకు మేనమామ లేచి నిలబడ్డాడు. "ఏంది? మా పిలగానికి మెదడు లేదంటున్నవా?"

"ఇప్పుడైతే ఉన్నది," అన్నాడు ముత్యం, ధైర్యం చెప్పే గొంతుతో.

ఆ మేనమామను చల్లార్చటానికి అరగంట పట్టింది. తిరిగొస్తూ ఆటోలో సారవ్వ అడిగింది, "నీకు ఆ తిత్తంటె గంత ప్రేమేంది, గంత పావురమేంది?"

"పావురం కాదే, రక్తం. రొయ్య మనకేంగాదు. పీత మనకేంగాదు. తిత్తి పిల్లకు మాత్రం మన వెన్నుబొక్క లెక్క ఒక పుల్లుంటది. అందుకే లెక్క ప్రకారం అది మన పాలోడు."

"పాలోడా? అయితె అది సస్తె మనకు మైల పడుతదా?"

ముత్యం మజాక్‌గా తీసుకోలేదు. చౌరస్తా వచ్చేదాకా ఆలోచించి చెప్పాడు. "పదకొండు దినాలు అవసరం లేదు. మూడు దినాలైతె పట్టాలె."

పాలోడన్నాక, అంటే దాయాది అన్నాక, ఇంటికి పిలవాలి గదా. ముత్యం ఖైజర్ దుకాణంలోనే ఒక పాత ఫ్రిజ్ తీసుకుని ముందు గదిలో పెట్టించాడు. అందులో ఒక టబ్బు, టబ్బులో ఉప్పు నీళ్లు, ఉప్పు నీళ్లలో గోదావరి నుంచి స్వయంగా మోసుకొచ్చిన నున్నటి రాయి. నలభై ఆరు డిగ్రీల ఎండలో, బొగ్గు దుమ్ములో, చల్లని నీళ్లలో ఒక మంచి రాయి సిద్ధంగా ఉంది. దాని మీద కూర్చోవలసినవాడే రాలేదు. సముద్రాల మీద పరిశోధన చేసే ఒక సంస్థకు ముత్యం ఉత్తరం రాశాడు. ఆ రకం జీవి మన సముద్రాలలో ఉండదనీ, పంపటం సాధ్యపడదనీ వాళ్లు మర్యాదగా జవాబిచ్చారు.

"అయిపాయె కాకా. లేదన్నరు," అన్నాడు ఖైజర్.

"లేదని ఎక్కడన్నరు? సాధ్యపడదన్నరు. నా ప్రమోషన్ గుడ సాధ్యపడదనే అన్నరు. తొమ్మిదేండ్లకు ఆర్డర్ వచ్చింది."

కాబట్టి ఫ్రిజ్ నడుస్తూనే ఉంది. ముత్యం దాన్ని బాయిలో పంపు నడిపినట్టే నడిపాడు. పక్కన స్టూలు, గోడకు గడియారం, మేకుకు వేలాడే లాగ్‌బుక్. ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ జరిగినప్పుడు కిటికీలు గలగలమంటాయి, టబ్బులో నీళ్లు వణుకుతాయి. "అలలు," అని ముత్యం మురిసిపోతాడు. ఆయన బతుకులో ఆజ్ఞ ఒక్కటే ఉంది: రిలీవర్ రాకుండా పంపు విడవొద్దు. అవతలి షిఫ్టు మనిషి వచ్చి స్టూలు మీద కూర్చుంటేనే ఇవతలి మనిషి లేవాలి. బాయిలో ఆ నియమం తప్పితే మనుషులు మునుగుతారు. ఇక్కడ తప్పితే ఒక రాయి వెచ్చబడుతుంది. ముత్యానికి ఆ తేడా పెద్దగా కనిపించలేదు.

ఇదంతా ఖైజర్ నవ్వుతూనే భరించేవాడు. అతనికి నవ్వు పోయింది అమ్మీ వల్ల. తల్లి అక్బరీ బేగంకు పదేళ్లుగా షుగర్ ఉంది. పోయిన ఏడాది కాలి బొటనవేలికి పుండు పడింది, మానలేదు. ఇన్సులిన్ మొదలుపెట్టాల్సిందే, లేకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. అమ్మీ వినలేదు.

"మీ అబ్బాకు సూది మొదలువెట్టినంక ఆరు నెలలు గుడ లేడు. నేను పట్టను."

"అబ్బా పోయింది సూదితోని కాదు అమ్మీ. సూది లేటుగ మొదలువెట్టి."

"నువ్వు డాక్టరువా? పోయి ఫ్రిజ్‌లు బాగుచేసుకో."

ఖైజర్ బతిమిలాడాడు, అరిచాడు, ఒకరోజు అన్నం మానేశాడు. అమ్మీ కూడా మానేసింది, దాంతో షుగరు పడిపోయి ఇంకా పెద్ద గొడవయింది. బంధువులందరి ముందు ఆమె ఒట్టు పెట్టి కసమ్ తిన్నది: ఈ ఇంట్లో తన ఒంటికి సూది తగలనియ్యదు. ఆ తర్వాత కొడుకును దవాఖానకు కూడా రానివ్వలేదు. "సారవ్వతోని పోత. నువ్వొస్తే డాక్టరు కన్న ఎక్కువ మాట్లాడుతవ్" అన్నది. కాలికి మేజోడు తొడుక్కుని తిరిగేది. పుండు ఎలా ఉందో చూపించమంటే కాలు లోపలికి ముడుచుకునేది. ఆ మేజోడు వంక చూసినప్పుడల్లా ఖైజర్‌కు ముద్ద దిగేది కాదు.

అలాంటి అమ్మీ దసరా తర్వాత పొద్దున ఏడింటికోసారి, సాయంత్రం ఏడింటికోసారి ముత్యం ఇంటికి పోవటం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే, "డ్యూటీ" అన్నది.

"ఏం డ్యూటీ?"

"ముత్యం తమ్మి నన్ను రిలీవర్‌గ పెట్టుకున్నడు. డిగ్రీలు చూసి రాయాలె."

కన్నకొడుకు మాట వినని మనిషి, లేని జంతువుకు రెండు షిఫ్టులు చేస్తోంది. ఖైజర్ కడుపు మండిపోయింది. అదే సమయంలో ముత్యం పిచ్చి కూడా ముదిరింది. అంతకుముందు పదో పన్నెండో డిగ్రీలున్నా తిత్తి సర్దుకుంటుందిలే అనేవాడు కాస్తా, వారానికోసారి ఫోన్ చేసి వేధించటం మొదలుపెట్టాడు.

"ఖైజర్, ఎనిమిది దాటొద్దు. రెండుకు దిగొద్దు. ఆరు మీద నిలవెట్టు. గడ్డకట్టిందంటె ఖేల్ ఖతం."

"నిన్నటిదాంక లేని రూల్స్ ఎక్కడికెళ్లొచ్చినయ్ కాకా?"

"కొత్త సర్క్యులర్."

మే నెలలో ఒక సాయంత్రం ఆరున్నరకు ఫోన్ మోగింది. "ఖైజర్! పంపు ఆగింది! జల్ది రా!" బాయి మునుగుతున్నంత కేకేశాడు ముత్యం. ఆ మధ్యాహ్నమే మేజోడు దగ్గర అమ్మీతో మళ్లీ పోట్లాట అయింది. ఖైజర్ బ్యాగు తీసుకుని బయల్దేరేటప్పుడే ఒక నిర్ణయానికి వచ్చేశాడు.

ఫ్రిజ్ వెనక్కి వంగి చూశాడు. మోటారును స్టార్టు చేసే చిన్న రిలే కాలిపోయింది. అగ్గిపెట్టెంత వస్తువు, బ్యాగులో అలాంటివి మూడున్నాయి. పది నిమిషాల పని. ఖైజర్ లేచి చేతులు దులుపుకున్నాడు.

"కంప్రెసర్ జామ్ అయింది కాకా. ఇగ ఇది పనికిరాదు. పొద్దుగాల ట్రాలీ పంపి తీసుకపోత."

ముత్యం స్టూలు మీద కూర్చుని, ఒడిలో ఒక టీ ఫ్లాస్కును రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. తిత్తి పేరు ఎత్తలేదు. అదే ఖైజర్‌ను ఇంకా రెచ్చగొట్టింది.

"ఇగ చాలు కాకా! రెండేండ్ల సంది ఉత్త రాయికి చల్లగాలి పెడుతున్న. మీకు తమాషా. అక్కడ మా అమ్మీ వేలు పోయేటట్టున్నది. సూది పట్టుమంటె పట్టది. మీ ఇంటికొచ్చి డిగ్రీలు రాస్తది. ఒక్కనాడన్న చెప్పినరా ఆమెకు? అబ్బా ఉంటె చెప్పకపోతుండెనా? లేని పాలోని మీద ఉన్న ఫికర్ ఉన్న మనిషి మీద లేదా?"

వంటింటి గుమ్మంలో సారవ్వ నిలబడి ఉంది. "ఇప్పుడన్న చెప్పరాదు వానికి," అంది మొగుడితో.

"చెప్పొద్దన్నది గదనే," అన్నాడు ముత్యం నేల చూస్తూ.

"ఏం చెప్పొద్దన్నరు? ఎవలు?" అన్నాడు ఖైజర్.

జవాబు గేటు దగ్గర్నుంచి వచ్చింది. "తమ్మీ! ఏడు కావస్తంది, సూది తియ్యి! ఇంట్ల అన్నం చల్లారుతది!" అంటూ అక్బరీ బేగం చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని చకచకా లోపలికి వచ్చింది. వచ్చి కొడుకును చూసి, వచ్చినంత వేగంగా ఆగిపోయింది.

"నువ్వీడ ఎందుకున్నవ్?"

"ఫ్రిజ్ ఖరాబైతె వచ్చిన. ఏం సూది అమ్మీ?"

"ఏం సూది?"

"నువ్వే గద అన్నవ్."

"కుట్టుడు సూది. సారవ్వ రవికె చినిగింది."

"ఇగ దాస్తె ఏమొస్తదక్కా," అని సారవ్వ ముత్యం ఒడిలోని ఫ్లాస్కు తీసుకుని మూత తిప్పింది. లోపల ఐసు, ఐసు పక్కన తడి గుడ్డలో చుట్టిన రెండు ఇన్సులిన్ పెన్నులు.

"గడ్డకట్టొద్దని గుడ్డ చుట్టిన," అన్నాడు ముత్యం, నేరం ఒప్పుకుంటున్నట్టు.

ఖైజర్ మేకుకున్న లాగ్‌బుక్ అందుకున్నాడు. రెండేళ్లుగా కళ్ల ముందే వేలాడుతున్నా ఎన్నడూ తెరవని పుస్తకం. పొద్దున ఏడు గంటలు, ఆరు డిగ్రీలు, పొట్ట కుడి పక్క, పద్నాలుగు యూనిట్లు. సాయంత్రం ఏడు గంటలు, ఆరు డిగ్రీలు, పొట్ట ఎడమ పక్క, పది. ప్రతి వరసకూ చివర అమ్మీ ఉర్దూ సంతకం. దసరా నుంచి నిన్నటిదాకా ఒక్క పూట కూడా ఖాళీ లేదు. ప్రతి వరస కిందా ఇంకో వరస ఉంది: ముత్యం, ఉత్త సూది, సున్న.

"ఇదేంది? ఉత్త సూది?"

అక్బరీ బేగం తల తిప్పుకుంది. సారవ్వే చెప్పింది. దసరా రోజుల్లో ఆమె పుండు చూసి ముత్యం సూది పట్టుమని ఒక్క మాట కూడా చెప్పలేదట. తిత్తి ఏ రోజైనా రావచ్చు, రెండు పూటలా రిలీవర్ కావాలి, నమ్మకస్తులు దొరకట్లేదు అన్నాడట. నాలుగు రోజులు డ్యూటీ చేశాక ఐదో రోజు, దవాఖాన వాళ్లిచ్చిన మందు కూడా ఇందులో పెట్టుకో అక్కా, ఎట్లాగూ చల్లగా ఉంటుంది అన్నాడట. ఆరో రోజు, నువ్వు కసమ్ తిన్నది మీ ఇంట్ల గదా, ఇది మా ఇల్లు అన్నాడట.

"సూది గుచ్చుడు నేను నర్సమ్మ దగ్గర నేర్చుకున్న," అంది సారవ్వ. "గని అక్క మొండికేసింది. నొప్పి ఎట్లుంటదో గుచ్చెటోళ్లకేం ఎరుక అన్నది. అయితె ముందుగాల నాకు గుచ్చుమన్నడు ఈయన. కొత్త సూది, మందు లేకుండ. రిలీవర్‌కు లేని సుఖం ఆపరేటర్‌కెందుకట. అప్పటిసంది రోజు రెండు పూటల."

"ఏడు నెలలా?" అన్నాడు ఖైజర్.

"మస్తు మొత్తుకుంటడు," అంది అక్బరీ బేగం మెల్లగా. "నాకన్న ఎక్కువ మొత్తుకుంటడు. గది వినేటందుకన్న రావాలనిపిస్తది."

ఖైజర్ నేల మీద కూర్చుని అమ్మీ కాలు పట్టుకున్నాడు. ఈసారి ఆమె ముడుచుకోలేదు. మేజోడు తీశాడు. పుండున్న చోట కొత్త తోలు వచ్చి, గులాబీ రంగులో మెరుస్తోంది. వేలు వేలులాగే ఉంది. నెలల తరబడి గుండె మీద మోసిన బరువు దిగిపోయి, అతనికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"మానింది గదా అమ్మీ! మరి నాకెందుకు చూపెట్టలే?"

"చూపెడితె, నేను చెప్పిన గదా, నేను చెప్పిన గదా అని సచ్చేదాంక అంటవ్."

అది నిజమే కాబట్టి ఖైజర్ ముత్యం వైపు తిరిగాడు. "కాకా, కంప్రెసర్ మంచిగనే ఉన్నది. ఉత్త రిలే పోయింది. అబద్ధం ఆడిన."

"నాకెరుకే. ముప్పై నాలుగేండ్లు మోటర్ల పక్కపొంటి కూసున్న. సచ్చిన మోటరేదో, బతికున్న మోటరేదో నాకు తెల్వదా?"

"మరి నేను గంతగనం ఒర్లుతుంటె ఎందుకు ఊకున్నవ్?"

"లోపట నిండినంక బయటికి చిమ్మాలె గదరా. తిత్తి గుడ గట్లనే..."

"కాకా!"

ఖైజర్ బ్యాగులోంచి కొత్త రిలే తీశాడు. స్క్రూ విప్పుతూ ఆగి, అనుమానంగా అడిగాడు. "నిజం చెప్పు కాకా. అయితె ఈ తిత్తి ముచ్చటంత ఉత్త సాకేనా, బహానానేనా?"

ముత్యం ముఖం అవమానంతో ఎర్రబడింది. అన్ని తిట్లకూ ఊరుకున్న మనిషి స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "బహానానా? ఎవలు బహానా? పాలోడు బహానానా? ఉత్తరం మల్ల రాసిన నేను! పై అరల టబ్బు ఉండంగ, కింద కొసకు జాగ ఉన్నదని మీ అమ్మ మందుకు ఇచ్చిన. వాడొచ్చిననాడు ఆ జాగ గుడ అడుగుతడేమో, ఎరుకలేదు!"

"అడిగితె నేను మాట్లాడుత తీయ్," అంది అక్బరీ బేగం. "ఏడున్నరైతంది. గుచ్చున్రి."

ఖైజర్‌కు ఎక్కడలేని ప్రేమ పొంగింది. "ఇగ నువ్వు ఈడిదాంక నడిచి రావద్దమ్మీ. దాచుడు అయిపాయె. మందు ఇంటికి తీసుకపోదాం. రోజు నేనే గుచ్చుత. నిన్ను పువ్వులెక్క చూసుకుంట."

అక్బరీ బేగం కొడుకును పైనుంచి కిందిదాకా చూసింది. ఏడాదిపాటు సూది గురించి తనకు ఉపన్యాసాలిచ్చిన కొడుకు. సారవ్వ చేతిలోంచి ఒక కొత్త సూది తీసుకుని, మూత విప్పి, అతని ముందు పట్టుకుంది.

"మంచిది బిడ్డా. ముందుగాల నువ్వు గుచ్చుకో. రెండు పూటల."

ఖైజర్ ఆ సూదిని చూశాడు. సూది కూడా అతన్ని చూసింది. అతను స్క్రూడ్రైవర్ అందుకుని, ఫ్రిజ్ వెనక్కి పోయాడు.

"ఆరు మీదనే పెట్టాల్నా కాకా?" అన్నాడు అక్కణ్నుంచి.